రూతు గారి తోడుతో ఏడు దేశాలు

కడియంలో నీలవేణి అత్తవారింట్లో ఒంటరిగా గుమ్మం దాటిన మనిషి లేదు. రాజమండ్రిలో పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా ఆటోలో నలుగురు ఎక్కుతారు. నొప్పి ఒకరిది, డాక్టరుతో మాట్లాడేది ఒకరు, సంచి పట్టుకునేది ఒకరు, ఇంట్లో తోచక బయల్దేరేది ఇంకొకరు. ఈ పద్ధతి పెట్టింది అత్తగారు చిన్నమ్మాయి గారు. ఎనభై దాటినావిడని చిన్నమ్మాయి అనడమేంటని మీకు నవ్వు రావచ్చు. ఆవిడ ఎదురుగా మాత్రం నవ్వకండి. వాళ్ళకున్న పూలమొక్కల నర్సరీలో మొక్కలు కూడా ఆవిడ సరేనన్నాకే పూస్తాయని పనివాళ్ళు చెప్పుకుంటారు.

అలాంటి ఇంటి పెద్దకోడలికి, యాభై మూడేళ్ళు వచ్చాక, ఏడు దేశాలు చూసి రావాలని బుద్ధి పుట్టింది.

ఊరికే పుట్టలేదు లెండి. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ సాయంత్రాలు లారీల దగ్గర నిలబడి లోడింగు చూసుకునేది నీలవేణే. గులాబీలు అహ్మదాబాదు వెళ్ళేవి. పామ్ మొక్కలు ఢిల్లీ వెళ్ళేవి. మొన్నమొన్న కవర్లోకి మారిన మందార కొమ్మ కూడా టార్పాలిన్ కింద దర్జాగా కూర్చుని భోపాల్ వెళ్ళిపోయేది. వాటికి నీళ్ళు పోసి, చంటిపిల్లల్లా సర్ది, టాటా చెప్పి పంపించిన నీలవేణి మాత్రం తిరుపతి, అన్నవరం, మళ్ళీ తిరుపతి. అది కూడా ఇంటిల్లిపాదీ కిక్కిరిసిన వ్యానులో. అందులో కిటికీ పక్క సీటు ఎప్పుడూ ఆమెకి దక్కలేదు, అది ఆమె భర్త అప్పాజీది. అప్పాజీ గుణానికి వంక పెట్టలేం గానీ మనిషి ప్రయాణానికి పనికిరాడు. రావులపాలెం చేరేలోగా కడుపులో తిప్పి తల బయట పెట్టేస్తాడు.

రాజమండ్రిలో టూర్లు వేసే ఆఫీసువాళ్ళు, "ఒక్కరైనా రావచ్చండి. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళని ఇద్దరిద్దర్ని కలిపి ఒక్కో గదిలో వేస్తాం. బస్సు నిండా మనవాళ్ళే ఉంటారు," అని చెప్పేసరికి నీలవేణికి నేల మీద కాలు ఆగలేదు. డబ్బుకి ఇబ్బంది లేదు, బోన్సాయ్ కుండీల వ్యాపారం ఆమె సొంతం. ఉన్న ఇబ్బందల్లా చిన్నమ్మాయి గారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, అత్తగారు పెరుగన్నంలోకి వచ్చేదాకా ఆగి, మాట కదిపింది.

"వెళ్ళు, ఎవరొద్దన్నారు. తోడెవరు?" అన్నారు చిన్నమ్మాయి గారు.

అప్పాజీ కంచంలోకి తల దించేశాడు. ఏడు దేశాలు బస్సులో అనుకోగానే అతనికి అక్కడే తిప్పడం మొదలైంది.

ఎవరూ లేరండి, అని చెప్పాలి నీలవేణి. చెబితే కథ అక్కడితో సరి. నోరు తెరిచింది, కానీ అందులోంచి వచ్చిన మాట వేరు.

"రూతు గారు వస్తున్నారండి."

ఎవరా రూతు గారు? నీలవేణికి మాత్రం ఏం తెలుసు. అత్తగారు చెయ్యి కంచంలోనే ఆపి చూస్తున్నారు కాబట్టి ఏదో ఒకటి చెప్పాలి.

"రిటైరైన టీచరు గారండి. ఇంగ్లీషు గడగడా మాట్లాడతారు. ఇదివరకోసారి వెళ్ళొచ్చారు కూడాను."

"ఏ ఊరు?"

"తునండి."

తుని ఎందుకన్నట్టు? చిన్నప్పుడెప్పుడో ఓ పెళ్ళికి వెళ్తే ఎంతసేపటికీ రాలేదా ఊరు. నీలవేణి లెక్కలో లోకం చివర అదే. అంతదూరం వెళ్ళి ఎవరు కనుక్కుంటారులే అనుకుంది. విశాఖపట్నం వైపు పోయే తమ నర్సరీ లారీలన్నీ తుని మీదుగానే పోతాయన్న సంగతి, ముప్ఫై ఏళ్ళు ఆ లారీలకే టాటా చెప్పిన మనిషి, ఆ క్షణాన మర్చిపోయింది చూడండి. ఖర్మ అంటే అదే మరి.

"చదువుకున్న మనిషి తోడుంటే సరే," అన్నారు చిన్నమ్మాయి గారు. "కానీ అమ్మాయ్, ఆవిణ్ణి వదిలి ఒక్కదానివీ తిరిగావని నాకు తెలిసిందో, ఇదే ఆఖరు. మళ్ళీ అన్నవరం కొండకైనా సరే, వ్యానులో నా పక్కనే కూర్చుని రావాలి."

నీలవేణి తలూపింది. ఏడు దేశాలు చూసొచ్చాక పై ఏడాది జపాన్ వెళ్ళాలని, ఆ పై ఏడాది ఇంకెక్కడికో వెళ్ళాలని అప్పటికే మనసులో అనేసుకుంది. రూతు గారు నిలబడితే అవన్నీ ఉన్నాయి. రూతు గారు కూలిపోతే ఏమీ లేవు.

బయల్దేరిన రోజు మధురపూడి విమానాశ్రయానికి వ్యాను నిండా జనం వచ్చారు. రూతు గారేరీ అని అందరూ అడిగారు. కూతురింటి నుంచి హైదరాబాదులో ఎక్కుతారండి, అంది. దండాలూ జాగ్రత్తలూ అన్నీ అయ్యాక అద్దాల తలుపు దాటింది. వెనక్కి తిరిగి చెయ్యూపింది. వాళ్ళు కనబడడం మానేశాక ఎడం పక్క చూసింది, ఎవరూ లేరు. కుడి పక్క చూసింది, ఎవరూ లేరు. భయం వేస్తుందనుకుంది గానీ నవ్వొచ్చింది. ఆ నవ్వు విమానం ఎక్కేదాకా ఆగలేదు, పక్కవాళ్ళు అనుమానంగా చూశారు కూడా. కిటికీ పక్క సీటు దొరికింది. అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది. కింద గోదావరి పాయలు పాయలుగా కనిపిస్తే దానికీ ఓ టాటా చెప్పింది.

పారిస్‌లో బస్సెక్కేసరికి అంతా జంటలు, కుటుంబాలు. గుజరాతీలు, మరాఠీలు, తమిళులు. ఒంటరి ఆడవాళ్ళు ఇద్దరే. నీలవేణి ఒకతి, గదిలో ఆమెతో పడ్డ వినీల ఒకతి. వినీలది కాకినాడ, ఫిజియోథెరపీ చేస్తుంది, ముప్ఫై లోపు పిల్ల.

"పెళ్ళి కుదిరేలోపు ఒక్కసారి సొంతంగా తిరిగొస్తానని ఇంట్లో పోట్లాడి వచ్చానాంటీ. మీరు?"

"నేను అబద్ధమాడి వచ్చానమ్మా," అని రూతు గారి కథంతా చెప్పింది నీలవేణి. వినీల మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వింది. ఆ పూట నుంచీ ఇద్దరికీ ఒకటే జట్టు.

బస్సులో ఎవరు పలకరించినా మొదటి ప్రశ్న, ఎవరితో వచ్చారని. "నేనొక్కదాన్నే వచ్చాను" అని చెప్పడంలో ఉన్న రుచి నీలవేణికి యాభై మూడేళ్ళలో మొదటిసారి తెలిసింది. ఇక ఊరుకుంటుందా? అడిగినవాళ్ళకి చెప్పింది, అడగనివాళ్ళకి చెప్పింది, కాఫీ పోసే ఫ్రెంచి కుర్రదానికి కూడా ఒక వేలు చూపించి మరీ చెప్పింది. ఆ పిల్ల ఒక్క కాఫీ ఇచ్చింది.

హిందీ ఆమెకి బాగానే వచ్చు, కాకపోతే అంతా లారీ హిందీ. నర్సరీకి ఫోన్లు చేసే వ్యాపారుల దగ్గర నేర్చుకుంది. రేపు బస్సు ఎన్నింటికని అడగాల్సి వచ్చి, "కల్ లోడింగ్ కితనే బజే?" అంది. సూరత్ నుంచి వచ్చిన హంసాబెన్ అనే పెద్దావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత బస్సులో ఎవరూ ఎక్కుదాం అనలేదు, అందరికీ లోడింగే. చివరికి జెండా పట్టుకుని ముందు నడిచే టూర్ మేనేజరు కూడా, "చలో, లోడింగ్, లోడింగ్," అని కేకలు వెయ్యడం మొదలెట్టాడు.

ఈఫిల్ టవర్ కింద చెక్క గుర్రాల రాట్నం ఒకటి తిరుగుతోంది. చిన్నపిల్లలెక్కేది. నీలవేణి ఎక్కింది. ఒకసారి కాదు, దిగమన్నదాకా ఎక్కింది. పైకీ కిందకీ ఊగుతూ, తెల్లగుర్రం మెడ కావలించుకుని, వినీల ఫోటోలు తీస్తుంటే చేతులు వదిలేసి మరీ నవ్వింది. ఇంట్లో చూస్తే ఏమంటారన్న ఆలోచన వచ్చే లోపల గుర్రం ఇంకో చుట్టు తిరిగిపోయేది.

ఇంటికి వీడియో కాల్ రోజూ పొద్దున్నే. ఫోనులో ముందు అత్తగారి నుదురు కనబడేది, తర్వాత మెల్లిగా మిగతా మొహం.

"ఆవిడేరీ? ఓసారి చూపించు, పలకరిస్తాను."

వినీల బాత్రూములో ఉంది, నీళ్ళ చప్పుడు వినబడుతోంది. "స్నానం చేస్తున్నారండి," అంది నీలవేణి. మర్నాడూ స్నానమే. ఆ మర్నాడు బ్రస్సెల్స్‌లోనూ స్నానమే.

"ఎంత శుభ్రత గల మనిషో," అన్నారు చిన్నమ్మాయి గారు. "నువ్వూ ఉన్నావు, పొద్దెక్కినా తల దువ్వవు. ఆవిణ్ణి చూసి నేర్చుకో."

నీలవేణికి చురుక్కుమంది.

అంతటితో అయితే బాగుండేది. కానీ వాళ్ళు గోదావరి జిల్లా మనుషులు. మర్యాద దగ్గర ఆగమంటే ఆగరు. తమ ఇంటి కోడల్ని దేశాలు తిప్పుతున్న మనిషి ఇంటికి ఏమీ పంపకుండా ఊరుకోవడం చిన్నమ్మాయి గారి వల్ల కాలేదు.

"రేపు మన హరిబాబు విశాఖపట్నం లోడు తీసుకెళ్తున్నాడు. దారిలో తునే కదా. ఓ అరటి గెల, నాలుగు మల్లె కుండీలు ఆవిడింట్లో దింపి వెళ్తాడు. ఇల్లెక్కడ?"

నీలవేణికి అప్పుడు గుర్తొచ్చింది లారీ ఏ దారిన పోతుందో. "ఇంట్లో ఎవరూ ఉండరండి, తాళం వేసుంటుంది," అంది.

"గుమ్మంలో పెడతాడు. మొక్కలేగా, ఎక్కడికి పోతాయి."

"వీధి పేరు తెలీదండి."

"అడుగుతాడులే. నోరుందిగా."

రెండు రోజులు నీలవేణికి తిన్నది ఒంటబట్టలేదు. అలాగని తినడం మానలేదు, బెల్జియం చాక్లెట్లు అంత బాగుంటాయని ఎవరికి తెలుసు. మూడో రోజు పొద్దున్న ఫోనులో అత్తగారి నుదురు బదులు డ్రైవరు హరిబాబు మీసం కనిపించింది. పని అయిందని తన నోటితోనే చెప్పుకోవాలని ఇంటికొచ్చి కూర్చున్నాడట.

"ఆయ్, దొరికిందండమ్మగారూ. రిటైరైన రూతు టీచరు గారిల్లేదండీ అని అడిగితే తునిలో మూడిళ్ళు చూపించారండి. రెండిళ్ళలో రూతు గార్లు ఇంట్లోనే ఉన్నారండి. ఇంట్లో ఉన్నోళ్ళు ఫారిన్లో ఉండరు కదండీ. మూడో ఇంటికి తాళం ఉందండి. ఇదే లెమ్మని గుమ్మంలో కుండీలు దింపేశానండి. టీచరు గారు దూరప్రయాణం వెళ్ళారని పక్కింటావిడ కూడా చెప్పిందండి. గెల పాడైపోద్దని ఆవిడకే ఇచ్చేశానండి."

"అవును హరిబాబూ, ఆ ఇల్లే," అంది నీలవేణి. ఇంకేం చెప్పాలి?

అప్పుడు చూడండి తమాషా. లేని మనిషికి ఇల్లొచ్చింది, గుమ్మం వచ్చింది, మల్లె కుండీలొచ్చాయి, పక్కింటావిడ కూడా వచ్చింది. గదిలో వినీలకి నవ్వలేక కడుపునొప్పి వచ్చింది. మధ్యాహ్నానికల్లా బస్సంతా ఆ కథే. "రూతుజీ లోడింగ్ అయ్యారా?" అని మేనేజరు రోజూ అడగడం, అందరూ అయ్యారని అరవడం, అదో ఆటైపోయింది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలవ పక్కన పూల బజారు ఉంది. అది చూసుకుని అందరూ నడిచి రైలు స్టేషను దగ్గర పడవల రేవుకి వెళ్ళాలి. కడియం మనిషిని పూల బజారులో వదిలితే ఏమవుతుంది? నీలవేణి తులిప్ దుంపల బుట్టల ముందు ఆగిపోయింది. ముట్టుకుంది, వాసన చూసింది, ధర అడిగి కొనకుండా నిట్టూర్చింది. మా ఊళ్ళో అయితే లారీలకి లారీలు ఎత్తుతామని షాపతనికి రెండు చేతులూ చాపి చూపించింది. తలెత్తి చూసేసరికి మేనేజరు జెండా లేదు, బస్సు జనం లేరు. ఫోను ఫోటోల కోసమని వినీల చేతికిచ్చింది, అది వినీలతో వెళ్ళిపోయింది.

భయం వేసింది. ఒక్క నిమిషమే. డెల్టాలో పుట్టిన మనిషి దారి తప్పితే ఏం చేస్తుంది? కాలవ గట్టు పట్టుకుంటుంది. గట్టెంట నడిస్తే ఏదో ఒక రేవు రాక మానదు. అయితే ఎటు నడవాలి? నీళ్ళు ఎటు పారితే అటే కిందకి. ఆకొకటి తెచ్చి నీళ్ళలో వేసి చూసింది. ఆకు ఉన్నచోటే ఉంది. ఇంకోటి వేసింది. అదీ కదల్లేదు. రెండాకులూ పక్కపక్కన తేలుతూ ఆమెనే చూస్తున్నాయి. ఇదేం కాలవరా నాయనా అనుకుంది. అంతలో అద్దాల కప్పున్న పడవొకటి, లోపల జనంతో, నెమ్మదిగా పోతూ కనిపించింది.

పడవుందంటే రేవుంటుంది. నీలవేణి పడవ వెంట పడింది. పడవ వంతెన కింద నుంచి వెళ్తే తను పైనుంచి వెళ్ళింది. అది మలుపు తిరిగితే తనూ తిరిగింది. సైకిళ్ళవాళ్ళు గంటలు కొడుతూ ఏదో అంటున్నారు, వాళ్ళ భాషలో తిట్టే అయ్యుంటుంది. పడవలో జనం ఈమెని చూసి చేతులూపారు. ఈమె కూడా పరిగెడుతూనే చెయ్యూపింది. బూట్లు కొత్తవి, చుడీదారు కాళ్ళకి అడ్డం పడుతోంది, జడ ఊడిపోయింది, అయినా ఇంత సంతోషం తనకి ఎప్పుడు కలిగిందో గుర్తు రాలేదు. కాలవ చివర నిజంగానే రేవొచ్చింది. పక్కన రైలు స్టేషను. అక్కడ మేనేజరు జెండా పట్టుకుని, మొహాన నెత్తురు చుక్క లేకుండా నిలబడి ఉన్నాడు.

"లోడింగ్ కంప్లీట్?" అంది నీలవేణి రొప్పుతూ. బస్సు జనమంతా ఆమెని కావలించుకున్నారు.

మర్నాడు పొద్దున్న ఇంటికి ఫోను చేసి ఈ కథంతా ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఆకు సంగతి, పడవ సంగతి, సైకిళ్ళ సంగతి. చెప్పడం అయ్యాక అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు.

"ఎంత గండం తప్పిందమ్మా. రూతు గారు వెతికి పట్టుకోబట్టి సరిపోయింది."

"ఆవిడ కాదండి, నేనే గట్టెంట..."

"నీకేం తెలుసే, వీధి చివర కొట్టుకెళ్ళాలన్నా ఇంకో మనిషి కావాలి నీకు. ఆవిడే ఎటునుంచో చూసుకుంటూ ఉండి ఉంటారు. పెద్దమనిషి, పైకి చెప్పుకోరు."

వెనకనుంచి అప్పాజీ తల పెట్టాడు. "ఆవిడకి నా నమస్కారాలు చెప్పు నీలవేణీ. నా ప్రాణం లేచొచ్చింది."

ఫోను పెట్టేసి నీలవేణి మంచం మీద కూలబడింది. కళ్ళలో నీళ్ళు. వినీల కంగారు పడింది.

"ఆ గట్టున పడి పరిగెత్తింది ఎవరు? నేనా, ఆవిడా?" అంది నీలవేణి. "ఆవిడేం చేసిందే అసలు? పొద్దస్తమానం స్నానం తప్ప."

లేని మనిషి మీద అసూయ పడ్డవాళ్ళని మీరెప్పుడైనా చూశారో లేదో గానీ నీలవేణి పడింది. జర్మనీలో జలపాతం చూస్తున్నా లోపల రూతు గారే. బస్సులో ఎవరైనా సరదాకి రూతుజీ అంటే మూతి ముడిచి కిటికీలోంచి చూసేది.

స్విట్జర్లాండ్‌లో మంచు కొండ ఎక్కిన రోజు అత్తగారు గట్టిగా చెప్పేశారు. "ఇవాళ మధ్యాహ్నం ఆవిడ మొహం చూడాల్సిందే. మనిషి కనబడకపోతే ఇందులో ఏదో ఉందని అనుకుంటాను."

బస్సు బస్సంతా రంగంలోకి దిగింది. హంసాబెన్‌కి ఉన్ని టోపీ పెట్టారు, మఫ్లరు చుట్టారు, నల్లకళ్ళద్దాలు తగిలించారు. చలికి గొంతు పోయిందని నీలవేణి చెప్పాలి, ఆవిడ దండం పెట్టి "నమస్కారమండి" అని బొంగురుగా అంటే చాలు. పొద్దుట్నుంచీ వినీల ఆ ఒక్కమాటే నేర్పుతోంది. నీలవేణి ఈలోపు రబ్బరు చక్రం మీద కూర్చుని మంచులో జారింది. ఒళ్ళంతా తెల్లగా అయిపోయి, మళ్ళీ పైకెక్కి, మళ్ళీ జారింది. ఇంకోసారి ఎక్కబోతుంటే ఫోను మోగింది.

కొండ మీద కాఫీ హోటల్లో బల్ల చుట్టూ అందరూ నోరు మూసుకుని నిలబడ్డారు. హంసాబెన్ ఫోను ముందు కూర్చుని, దండం పెట్టి, "నమస్కారమండి," అంది. అచ్చం గొంతు పోయిన హెడ్మాస్టరమ్మలాగే ఉంది.

అవతల చిన్నమ్మాయి గారు రెండు చేతులూ జోడించారు. వెనకాల ఇంటిల్లిపాదీ జోడించారు.

"అమ్మా, మీ రుణం తీర్చుకోలేం. మా నీలవేణి ఉత్త అమాయకురాలు. రోడ్డు దాటడం కూడా చాతకాదు దానికి. ఆ కాలవల ఊళ్ళో తప్పిపోతే మీరు కాబట్టి దొరకబట్టుకుని తెచ్చారు. మీరు పక్కన లేకపోతే ఏమైపోయి ఉండేదో."

హంసాబెన్ ప్రతిమాటకీ హుందాగా తలూపుతోంది. నీలవేణి పక్కన నిలబడి చూస్తోంది. అంతా అనుకున్నట్టే జరుగుతోంది, ఇంకొక్క నిమిషం ఓర్చుకుంటే పై ఏడాది జపాన్ చేతిలో ఉన్నట్టే. అత్తగారు ఇంకోసారి, "అది మీ వల్లేనమ్మా," అన్నారు. హంసాబెన్ ఇంకోసారి తలూపింది.

నీలవేణి ఫోను లాక్కుంది.

"అత్తయ్యగారూ, ఈవిడ రూతు గారు కాదండి. సూరత్ ఆవిడ. రూతు గారని ఎవరూ లేరండి. నేనొక్కదాన్నే వచ్చాను. తప్పిపోయిందీ నేనే, దారి కనుక్కున్నదీ నేనే. అబద్ధం చెప్పినందుకు మీరేమన్నా పడతాను. కానీ నేను చేసింది ఇంకొకరు చేశారంటే మాత్రం నేను పడలేనండి."

ఫోనులో అప్పాజీ నోరు తెరిచి ఉంది. అత్తగారి మొహం పక్కకి జరిగి, ఇంట్లో సీలింగు ఫ్యాను కనిపించింది. తర్వాత అదీ పోయింది. ఏం జరిగిందో అర్థం కాని హంసాబెన్, ఆరిపోయిన ఫోనుకి దండం పెట్టి, "నమస్కారమండి," అంది.

ఆ తర్వాత ఇంటినుంచి కాల్ లేదు. నీలవేణి చేస్తే ఎవరూ ఎత్తలేదు. అప్పాజీ దగ్గర్నుంచి ఒక్క మెసేజి వచ్చింది. "అమ్మ మాట్లాడ్డం లేదు. నువ్వు అన్నం తిన్నావా?"

"ఒక్క నిమిషం ఊరుకుంటే పోయేది కదాంటీ," అంది వినీల బస్సులో.

"ఊరుకుంటే జపాన్ కూడా ఆవిడే వెళ్ళేది. ఇంక నేనెందుకు?" అంది నీలవేణి.

భయం లేదని కాదు. కానీ ఇదే ఆఖరు అనుకున్నాక మనిషి ఇంకా తెగించింది. ఆస్ట్రియా కొండల్లో బస్సు ఆగిన చోటల్లా మొదట దిగింది, చివర ఎక్కింది. వెనిస్‌లో చేతికొకటి చొప్పున రెండు ఐస్‌క్రీములు పట్టుకుని పడవెక్కింది. కాసేపు నవ్వింది, కాసేపు ఏడ్చింది, రెండింటి మధ్యలో ఐస్‌క్రీములు కారిపోకుండా తినేసింది. విడిపోయే రోజు రోమ్ విమానాశ్రయంలో హంసాబెన్ ఆమె బుగ్గలు పట్టుకుని, "మళ్ళీ ఎప్పుడు లోడింగ్?" అని అడిగింది. నీలవేణి ఆవిడకి దండం పెట్టి, "నమస్కారమండి," అంది.

మధురపూడిలో దిగేసరికి బయట అదే వ్యాను, అదే జనం. ఈసారి ఎవరూ చెయ్యూపలేదు. పిల్లలు కూడా గప్‌చుప్‌గా ఉన్నారు. వాళ్ళ ముందు, ప్లాస్టిక్ కుర్చీలో, చిన్నమ్మాయి గారు నిటారుగా కూర్చుని ఉన్నారు. ఒళ్ళో గుడ్డసంచి. నీలవేణి పెట్టె లాక్కుంటూ వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది.

"ఒక్కదానివే వచ్చావా?"

"ఒక్కదాన్నేనండి."

"విమానాలు మారేచోట దారి ఎవరు చెప్పారు?"

"బోర్డులు చూసుకున్నానండి. తెలీకపోతే అడిగాను."

"భయం వెయ్యలేదూ?"

"వేసిందండి. కాసేపే."

చిన్నమ్మాయి గారు లేచి నిలబడ్డారు. అప్పాజీ చెయ్యి అందించబోతే వద్దన్నారు. సంచిలోంచి ఉప్పాడ చీర తీశారు. లేత ఆకుపచ్చ, జరీ అంచు. దాని మీద రెండు అరటిపళ్ళు, తాంబూలం పెట్టారు.

"మా కోడల్ని క్షేమంగా తెచ్చి దింపినావిడకి పెడతానని అనుకుని తెప్పించాను. అనుకున్నాక పెట్టకపోతే బాగోదు," అన్నారు.

కుంకుమ భరిణె తీసి నీలవేణి నుదుట బొట్టు పెట్టారు. చీర ఆమె చేతుల్లో పెట్టారు. నీలవేణి కాళ్ళకి దండం పెట్టబోతే భుజం పట్టుకుని ఆపేశారు. ఆపేసి, తనే రెండు చేతులూ జోడించారు, ఇంటికొచ్చిన పెద్దమనిషికి జోడించినట్టు.

"మా నీలవేణిని జాగ్రత్తగా తీసుకొచ్చారు. చాలా సంతోషమండి. పై ఏడాది కూడా మీరే తీసుకెళ్ళండి దాన్ని."

అప్పాజీ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నీలవేణి చీర గుండెలకి హత్తుకుని అత్తగారి వంక చూసింది.

"అలాగేనండి, తీసుకెళ్తాను," అంది.